కొంచెం గట్టిగా పాడు, బిడ్డా

కొత్తగూడెం,
14 నవంబరు 2004

మహారాజశ్రీ డాక్టర్ బి. భాస్కర్ గారి దివ్యసముఖానికి, ఇన్ఫార్మెంటు నంబరు మూడు సాష్టాంగపడి చేసుకొను మనవి.

మామా, ఇంత మర్యాద చూసి మురిసిపోకు. నాకు కోపం ఎంత పెరిగితే మర్యాద అంత పెరుగుతుంది. ఈ ఉత్తరంలో ఎక్కడ ‘తమరు’ కనపడినా అక్కడ నేను పళ్ళు నూరుతున్నానని చదువుకో.

మొన్న కూరగాయల మార్కెట్లో నిర్మలాదేవి మేడమ్ కనపడింది. డిగ్రీలో మాకు ఇంగ్లీషు చెప్పిన మేడమే. ఇంటికి తీసుకుపోయి, చాయ్ ఇచ్చి, ఒక లావు పత్రిక చేతిలో పెట్టింది. “మీ మామ వ్యాసం పడ్డది. నీ పెండ్లి గురించే రాసినట్టున్నడు, చదువు” అంది. చదివాను. చాయ్ చల్లారింది, నేను చల్లారలేదు.

తమరి వ్యాసం అమెరికా పత్తిచేలల్లో నల్లబానిసలు పాడుకున్న పాటల గురించి, మన లంబాడా పెళ్ళికూతురి ఢావ్లో గురించి. “పెళ్ళినాడు పిల్ల తనవాళ్ళ మెడలు ఒక్కొక్కరివే పట్టుకుని, పాడుతూ ఏడ్చే ఏడుపు” అని ఢావ్లో అంటే ఏమిటో మొదటి పేజీలోనే లోకానికి వివరించారు. బాగుంది. మూడో పేజీలో నేను తగిలాను. పేరు లేదు. “ఇన్ఫార్మెంటు మూడు: స్త్రీ, అక్షరాస్యురాలు.” మామా, భద్రాచలం అడవి పక్కన బతికేవాళ్ళకు ఆ మాట ఎలా వినపడుతుందో హైదరాబాద్ పోయాక మరిచిపోయావా? ఇక్కడ పోలీసు ఇన్ఫార్మరని పేరు పడినవాడి ఇంటికి పాలవాడు కూడా రాడు. మా ఆయనకు చూపిస్తే షిఫ్టు బూట్లు విప్పుతున్నవాడు ఆగిపోయి, “ముందుగాల ఆ పత్రిక బీరువల పెట్టు” అన్నాడు.

అది నవ్వుకునే సంగతి. నవ్వలేని సంగతి ఇది. మే నెలలో మన బిచ్యాతండాలో, పందిరి కింద, నీ మెడ పట్టుకోబోతే నా మూతికి టేపురికార్డరు తగిలింది. పొరపాటున అడ్డమొచ్చిందనుకున్నాను. ఆ రోజు నేను నిన్ను ఒక మాట అడిగాను. తమరు దానికి జవాబు చెప్పకుండా దాన్ని అచ్చేయించారు.

వ్యాసం త్వరలో పుస్తకంలో ఒక అధ్యాయంగా వస్తుందని చివర రాశావు. నా పాట అందులో ఉండొద్దు. తీసెయ్యి.

ఫోను ఎందుకు చెయ్యలేదంటే, చేస్తే నువ్వు “క్లాసుకు టైమైంది” అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు. పుష్ప అత్తకు నమస్కారాలు, ఆమె మీద నాకు కోపం లేదు, అందుకే ఒకే ఒక్క నమస్కారం.

తమరి విధేయురాలు కానిది,
ఉషారాణి

*

హైదరాబాద్,
29 నవంబరు 2004

చిరంజీవి ఉషకు మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అత్తకు కూడా వినిపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తరువాత ఒక్కణ్ణే కూర్చుని మళ్ళీ చదివితే నీ బాధ అర్థమైంది. నిన్ను అడక్కుండా అచ్చేశాను, పైగా పేరు వెయ్యలేదు. కోపం న్యాయమే. పాడినవాళ్ళ పేర్లు దాచడం మా పరిశోధనలో పద్ధతి, వాళ్ళ మంచికోసమే. నీ విషయంలో ఆ పద్ధతి పక్కన పెడతాను. పుస్తకంలో కృతజ్ఞతల పేజీలో మీ అత్త పేరు తరువాత నీ పేరే ఉంటుంది. ఇక శాంతించు.

పాట తీసెయ్యడం మాత్రం కుదరదు. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిక పట్టు.

నేను ఇల్లందు హాస్టల్లో అన్నంలో పురుగులు ఏరుకుని చదువుకున్నవాణ్ణి. ఎం.ఏ.లో చేరితే మా డిపార్టుమెంటులో ఇంగ్లండు సాహిత్యం చెప్పేవాళ్ళది పెద్దకులం, అమెరికా సాహిత్యం చెప్పేవాళ్ళది చిన్నకులం. నేను ఆ సబ్జెక్టు ఎంచుకున్నానంటే మా హెడ్డు ఎంతో దయగా, “మీకు అదే సరిపోతుందిలే” అన్నాడు. ఆ దయ నాకు ఇప్పటికీ అరగలేదు. పంతం పట్టాను. అమెరికా పుస్తకాల లైబ్రరీలో ఏసీ చలికి ఎవరిదో స్వెటరు అడిగి వేసుకుని, పారిపోయి బతికిన బానిసలు రాసుకున్న ఆత్మకథలన్నీ చదివాను. పీహెచ్‌డీ వాటి మీదే. ఒక ఏడాది నన్ను అమెరికా పంపారు. దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో నల్లవాళ్ళ చర్చికి పోతే, అక్కడ ఒక ముసలామె కళ్ళు మూసుకుని పాడుతోంది. ఉషా, అది మా అమ్మ గొంతు. మాటలు పట్టించుకోకుండా ఒక్క గొంతు వింటే, మన తండావాడెవడైనా మా అమ్మ బాలి పేరే చెబుతాడు. ఈ రెండు గొంతులనూ కలిపి పుస్తకం రాయాలని ఆ బెంచీ మీదే అనుకున్నాను.

తిరిగొచ్చాక ప్రొఫెసర్ పోస్టుకు రెండుసార్లు ఇంటర్వ్యూకు వెళ్ళాను. రెండుసార్లూ, “అమెరికావాళ్ళు చెప్పిందే చెబుతున్నారు, మీదంటూ ఏముంది” అని పంపేశారు. నాకంటే వెనక వచ్చినవాళ్ళు, ఒక్క పుస్తకం రాయనివాళ్ళు, ప్రొఫెసర్లయి నా సెలవు కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. వచ్చే ఏడు చివర మళ్ళీ ఇంటర్వ్యూ. నాదంటూ ఉన్నది ఈ అధ్యాయమే. అది తీసేస్తే పుస్తకానికి నడుము ఉండదు.

నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు మొదటి క్లాసులో చెప్పేది ఒకటే. చేలో బానిసలు పాడుతుంటే దొర వరండాలో కూర్చుని, ఎంత బాగా పాడుతున్నారో అని తల ఊపేవాడు. ఆ పాటలోనే ఏ వాగు దాటాలో, అవతల ఎవరింటి తలుపు తట్టాలో పక్కవాడికి కబురు ఉండేది. దొరకు పాట వినపడేది, మనిషి వినపడేవాడు కాదు. ఆ మాట చెప్పినప్పుడు క్లాసు క్లాసంతా నిశ్శబ్దమైపోతుంది. నీ పాటను నేను ఎక్కడ, ఎవరి పక్కన కూర్చోబెట్టానో ఆలోచించు. గర్వపడతావు.

మీ ఆయన శ్రీధర్‌నూ, మీ అత్తగారు మంగ్లి అక్కనూ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
భాస్కర్

*

కొత్తగూడెం,
12 డిసెంబరు 2004

కృతజ్ఞతల పేజీలో నాకు చోటు కల్పించిన తమరికి,

పేరు కాదు మామా. నా పేరు నాకు తెలుసు. రేషన్ కార్డులో కూడా ఉంది.

నేను అడిగిన మాట ఏమిటని తమరు అడుగుతారేమోనని ఉత్తరమంతా వెతికాను. హాస్టల్ అన్నం ఉంది, స్వెటరు ఉంది, చర్చి ఉంది. అది లేదు. కాబట్టి నేనే చెబుతాను.

నేను నీ మెడ పట్టుకుని పాడింది బాలి అమ్మమ్మ నేర్పిన పాట కాదు. అమ్మమ్మ పాటలో ఆవులున్నాయి, దూడలున్నాయి, వాగు అవతల పచ్చగడ్డి ఉంది. యూనివర్సిటీ లేదు. అది నేను కలిపాను. మన భాషలో పాడింది తమకు అందలేదు కనక తెలుగులో రాస్తున్నాను. “మామా, పుస్తకాలు తెచ్చి ఆశ పెట్టినవాడివి నువ్వు. పెద్దబడి ఎంట్రెన్సుకు కాగితం పెట్టుకున్నాను. పెళ్ళయినా పోతానంటే నాన్న నీ మాట మీద పెట్టాడు. అత్తవాళ్ళు ఇక్కడే ఉన్నారు, అందరూ వింటున్నారు. పిల్లను చదువుకోనివ్వండని ఒక్క మాట చెప్పి పంపు మామా.”

ఇందులో అర్థం కానిది ఏముంది?

పెళ్ళినాడు పిల్ల మామూలు మాటల్లో నోరు విప్పకూడదు. ఢావ్లోలో మాత్రం ఏం అడిగినా ఎవరూ తిట్టరు. ఎవరి మెడ పట్టుకుందో వాళ్ళు తల మీద చెయ్యి పెట్టి జవాబు చెప్పాలి. ఇవన్నీ నేను కనిపెట్టినవి కాదు, తమరి వ్యాసం రెండో పేజీలో ఉన్నాయి. మరి మూడో పేజీకి వచ్చేసరికి తమరి జవాబు ఏది? “కొంచెం గట్టిగా పాడు బిడ్డా, బ్యాండు అడ్డమొస్తున్నది.” పాడాను మామా. గొంతు చించుకుని అదే మాట రెండోసారి అడిగాను. తమరు తల ఊపి క్యాసెట్టు తిరగేసుకున్నారు.

ఎంట్రెన్సు నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. వ్యాసంలో మాత్రం ‘పెద్దబడి’ అంటే పరలోకమని, బానిసల పాటల్లో స్వర్గం లాంటిదని అరపేజీ రాశారు. పెద్దబడి అంటే తమరు నెలనెలా జీతం తీసుకునే చోటు.

దొర పాఠం చదివి నేను కూడా నిశ్శబ్దమైపోయాను, తమరి క్లాసులాగే. ఒక్క సందేహం తీర్చండి. ఆ రోజు మన పందిట్లో వరండాలో కూర్చున్నది ఎవరు?

ఉషారాణి

*

హైదరాబాద్,
3 జనవరి 2005

ఉషారాణికి,

నన్ను దొర అన్నావు. మా నాయన బిచ్యా, దొర గడి ముందు నుంచి పోవాల్సి వస్తే చెప్పులు చంకలో పెట్టుకుని పోయేవాడు. వెనకాల నేనూ నా చిన్న చెప్పులు చంకలో పెట్టుకునేవాణ్ణి. ఆ చంక నుంచి ఈ కుర్చీ దాకా రావడానికి నాకు ఎంత పట్టిందో తెలిసి రాసే మాటేనా అది?

విషయానికి వస్తాను. ఢావ్లోలో ప్రతి పిల్లా మామను అడుగుతుంది. నన్ను పంపొద్దని అడుగుతుంది, ఆపమని అడుగుతుంది. నీకు ముందు నేను రికార్డు చేసిన ఇద్దరు పిల్లలూ అడిగారు. వాళ్ళను ఎవరూ ఆపలేదు. పాటలో అడిగినదాన్నల్లా నిజమనుకుంటే తండాల్లో ఒక్క పెళ్ళీ జరగదు. చదువుకోవాలని అంత ఉన్నదానివి నాకు ఒక ఉత్తరం ముక్క రాయలేకపోయావా? డిగ్రీ చదివిన పిల్లవు, పాటలో పెట్టి అడగడమేమిటి?

నాకు వేరే అనుమానం ఉంది, మనసులో పెట్టుకోలేను. అక్కడ నీకు సుఖంగా లేదేమో. శ్రీధర్ తాగుతున్నాడా? చెయ్యి చేసుకుంటున్నాడా? మంగ్లి అక్క పుస్తకాలు దాచేస్తోందా? బొగ్గుబాయి పనివాళ్ళ ఇంట్లో పిల్లను ఇవ్వొద్దని మీ అమ్మ రూప్లి అక్కకు అప్పుడే చెప్పాను. అక్కడి కోపం తెచ్చి నా పుస్తకం మీద పొయ్యకు. నిజం చెబితే వచ్చి తీసుకుపోతాను.

దొర అన్న మాట వాపసు తీసుకున్నాకే మళ్ళీ రాయి.

భాస్కర్

*

కొత్తగూడెం,
16 జనవరి 2005

తమరికి,

మాట వాపసు తీసుకోకుండానే రాస్తున్నాను. పోస్టుమ్యాన్‌కు తమరి షరతు తెలియదు.

శ్రీధర్ తాగడు. కొట్టడు. నాకు జ్వరమొస్తే వంట చేస్తాడు, అది మాత్రం కొట్టడం కిందికే వస్తుంది. మా అత్త పుస్తకాలు దాచదు. నేను చదువుకుంటుంటే రేడియో గొంతు తగ్గించి తలుపు దగ్గరగా వేస్తుంది. ఎంట్రెన్సు మాట ఎత్తితే మాత్రం, “అది అయిపోయిన ముచ్చట బిడ్డా” అని లేచిపోతుంది. ఎందుకో నాకు అంతు పట్టదు. శ్రీధర్‌ను అడిగితే, “అమ్మ చెప్పినంక నాకేం తెలుస్తది” అంటాడు. ఇదీ నా కష్టం. తమరు సినిమాల్లో చూసిన కష్టం కాదు, క్షమించాలి.

ఉత్తరం ముక్క ఎందుకు రాయలేదంటావా? రెండు రాశాను. “పేపర్లు దిద్దుతున్న, పెండ్లికొచ్చి మాట్లాడుత” అని అమ్మకు ఫోన్లో చెప్పింది నువ్వే. వచ్చావు. బ్యాటరీలు తెచ్చుకుని వచ్చావు. వచ్చిన కాడి నుంచి బ్యాండువాళ్ళను జరగమంటూ, ముసలమ్మలను కూర్చోబెడుతూ తిరుగుతున్నావు. పసుపు పూసి కూర్చోబెట్టిన పిల్ల లేచి నీ వెనకాల పరుగెత్తుతుందా? నాకు మిగిలింది ఆ పాట ఒక్కటే. నీ చెవి నా నోటికి అంత దగ్గరగా మళ్ళీ ఎప్పుడొస్తుంది అనుకున్నాను. చెవి రాలేదు, మైకు వచ్చింది.

మీ నాయన చెప్పులు నాకూ తెలుసు మామా. ఆయన నాకూ తాతే.

నాకు ముందు ఇద్దరు పిల్లలూ అడిగారని, వాళ్ళను ఎవరూ ఆపలేదని రాశావు. వాళ్ళు నిజంగానే అడిగారేమో. ఆ ఆలోచన వచ్చాక నాకు అన్నం సయించడం లేదు. నీకు సయిస్తున్నదా?

ఉషారాణి

*

హైదరాబాద్,
20 ఫిబ్రవరి 2005

ఉషకు,

నేను కొత్తగూడెం వచ్చి వెళ్ళిన సంగతి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. చెప్పకుండా వచ్చాను. మీ ఊరి భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగి ఆటో ఎక్కేదాకా కూడా, నిన్ను ఇబ్బంది పెడుతున్న ఇంటికి పోతున్నాననే అనుకున్నాను. నువ్వు తండాకు పోయావన్నారు, మీ అమ్మకు ఒంట్లో బాగాలేదని. మంగ్లి అక్క ఒక్కతే ఉంది.

మంచం వాల్చింది. నీళ్ళిచ్చింది. నేనే మొదలుపెట్టాను. ఆడపిల్ల చదువు గురించి, నువ్వు ఎంత తెలివైనదానివో, రేపు లెక్చరరువైతే ఇంటికి ఎంత గౌరవమో, క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ మొత్తం విన్నది.

“అయిందా తమ్మీ?”

“అయిందక్కా.”

“గిదే ముచ్చట ఆ దినం పందిట్ల ఎందుకు చెప్పలె?”

మంగ్లి అక్క చేట పక్కన పెట్టింది.

“పిల్ల నీ మెడ పట్టుకొని రెండుపార్లు అడిగె. మేమందరం విన్నం. పిల్ల తండ్రి, మీ లాలు బావ, నీ మొఖమే చూస్తుండె. నువ్వేమో ఆ డబ్బ మొఖం చూస్తుంటివి. పంపుదమనే ఉండె నాకు. శ్రీధర్ కూడ సరే అన్నడు. గంత చదువుకున్న మేనమామనే వద్దంటుండు, ఏదో కారణం ఉంటదనుకున్నం. నువ్వు వద్దన్నంక నేను పంపితే మీ ఇజ్జత్ ఏం గావాలె?”

“నేను వద్దనలేదక్కా.”

“అవ్. ఏమనలె. ఢావ్లోల అడిగితే ఏమనకపోవుడంటే ఏంది తమ్మీ? నీకు తెల్వదా?”

తెలుసు. జవాబు ఇవ్వకపోవడమంటే వద్దనడమే, వ్యాసంలో రాశాను కూడా. నేను జవాబు చెప్పడం మరిచిపోయాననే నిన్నటిదాకా నాకు నేను చెప్పుకున్నాను. తండా మొత్తం ముందర నీకు వద్దని చెప్పి వచ్చానట. ఆ మాటను కాదనలేక వీళ్ళు నిన్ను ఆపారు.

ఈ జూన్‌లో ఎంట్రెన్సు రాయించమని ఆమెతో అన్నాను. “రాయనీ. గింత మాటకు ఏడాది పట్టింది” అని మళ్ళీ చేట తీసుకుంది. చాయ్ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

అధ్యాయం తీసేస్తున్నాను. ప్రెస్సుకు చెప్పాను. పుస్తకం సన్నగా వస్తుంది, ఇంటర్వ్యూలో ఏమైతే అది కానీ. నువ్వు మొదటి ఉత్తరంలో అడిగింది అదే కనక ఇంతటితో ఇది ముగుస్తుందని అనుకుంటాను. దొర అన్నందుకు నాకు ఇంకా మంటగానే ఉంది. అది కూడా రాయకపోతే అబద్ధమవుతుంది.

భాస్కర్

*

ఖమ్మం,
4 సెప్టెంబరు 2005

మామా,

ఎం.ఏ. ఇంగ్లీషులో సీటు వచ్చింది, అమ్మ చెప్పే ఉంటుంది. వారమంతా ఇక్కడ హాస్టల్లో, శనివారం బస్సెక్కి కొత్తగూడెం. శ్రీధర్ తన వంట తానే తిని ఇంకా బతికే ఉన్నాడు, మనిషి గట్టివాడు. మా అత్త క్వార్టర్లలో అందరికీ “మా కోడలు ఖమ్మంల పెద్దబడి చదువుతాంది” అని చెబుతోందట. ఆమెకు పెద్దబడి అంటే ఏమిటో ఎవరూ అరపేజీ వివరించనవసరం లేకపోయింది.

ఇక్కడ అమెరికా సాహిత్యం చెప్పే సారు తమరి శిష్యుడు. మొదటి క్లాసులోనే వరండాలో దొరను కూర్చోబెట్టాడు. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. నేను మాత్రం దగ్గు వచ్చిందని బయటికి పోయాను.

కోపం తగ్గిందేమో కనుక్కోమని అమ్మను పంపావు. తగ్గలేదు. నాతో డిగ్రీ చదివినవాళ్ళు ఇక్కడ రెండో సంవత్సరంలో ఉన్నారు, మెట్ల మీద ఎదురైతే జూనియర్ అని పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ తమరు గుర్తొస్తారు.

అధ్యాయం తీసేశానని రాశావు. తీసెయ్యమన్నది నేనే, నిజమే. అప్పుడు అందులో ఉన్నది నా పాట ఒక్కటే అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, అందులో నేను అడగడం ఉంది, నువ్వు వద్దనడం ఉంది, మా అత్త అది విని తలదించుకోవడం ఉంది. దాన్ని తీసేస్తే ఏమవుతుంది? నేను అడగనే లేదన్నట్టు. ఆవులూ దూడలూ పాడి ముక్కు చీదుకుని బండెక్కినట్టు. తమరికి చాలా శుభ్రంగా ఉంటుంది. నాకు ఉండదు.

పుస్తకం ఇంకా అచ్చు కాలేదట కదా, అధ్యాయం మళ్ళీ పెట్టు. నా పేరు వెయ్యి, కృతజ్ఞతల్లో కాదు, పాట మీద. పరలోకం కొట్టెయ్యి. పాట అడుగున వెయ్యడానికి ఫుట్‌నోటు నేనే రాసి దీనితో పంపుతున్నాను. తమరి భాషలోనే రాశాను, ఇంగ్లీషు మాత్రం నువ్వు చేసుకో. పిల్లల పేపర్లు దిద్దినట్టు ఎర్రపెన్ను పట్టకు. ఇంటర్వ్యూలో ఎవరైనా ఆ పేజీ తెరిచి ఇదేమిటని అడిగితే ఏం చెబుతావో నీ ఇష్టం. చెప్పకుండా మాత్రం ఊరుకోకు, ఊరుకుంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

వెయ్యలేనంటే అది కూడా రాయి. నీ చేతిరాతతో ‘వద్దు’ అని ఒకసారి చూడాలని ఉంది.

కోపంతో,
నీ మేనకోడలు
ఉషారాణి

ఫుట్‌నోటు: ఈ పాట పాడినది ఉషారాణి, బిచ్యాతండా. ఇందులో ప్రతీకలు లేవు. పెళ్ళికూతురు ఎం.ఏ. చదవడానికి తన మేనమామ మాట సాయం కోరుతున్నది. మేనమామ ఈ గ్రంథకర్తే. ఆయన ఆ సమయంలో పరిశోధనలో ఉన్నందున పాటను మరికొంత గట్టిగా పాడవలసిందని సూచించారు. ఆమె పాడినది. అర్థం పందిట్లో ఉన్నవారందరికీ తెలిసినది, గ్రంథకర్తకు తెలియడానికి తొమ్మిది నెలలు పట్టినది. ఈ అధ్యాయంలోని మిగిలిన ఇద్దరు పెళ్ళికూతుళ్ళు తమ మేనమామలను ఏమడిగారో గ్రంథకర్త ఇంతవరకు వెళ్ళి కనుక్కోలేదు. వాళ్ళు ఇంకా అవే ఊళ్ళలో ఉన్నారు.